వాడ పేరు పలికిన పాటలు

'మీదే వాడ?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసి రావడం ఎలా ఉంటుందో ఈ పేజీ చదివేవారిలో చాలామందికి వేరే చెప్పనక్కర్లేదు. నేను ఆరో తరగతిలో ఉండగా కొత్తగా వచ్చిన మాస్టారొకరు హాజరు పట్టీ ముందు పెట్టుకొని ఒక్కొక్కరినీ లేపి ఈ ప్రశ్నే అడిగారు. నా వంతు వచ్చేసరికి 'చెరువు అవతలండీ' అన్నాను. అబద్ధం కాదు, మా ఇళ్లు చెరువు అవతలే. అయితే ఆయనకు కావలసింది దిక్కు కాదు. రెండోసారి, మూడోసారి అడిగి, తరగతి మొత్తానికీ వినిపించేలా వాడ పేరు నా నోటితోనే చెప్పించుకున్నారు. ఆ తరువాత ఆయన నన్ను కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు. నోటు పుస్తకం తీసుకునేటప్పుడు మాత్రం బల్ల మీద పెట్టమనేవారు.

పదేళ్లు గడిచాక, తొంభైల మొదట్లో, హైదరాబాదులోని ఒక హాస్టల్ గదిలో నా మిత్రుడి దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. అమెరికాలో చదువుకుంటున్న బంధువెవరో పంపిన దానికి నకలు, ఆ నకలుకు మరో నకలు. సగం పాట, సగం గరగర. అందులో ఒకచోట ఒక మగగొంతు, దాని వెనుక మరికొన్ని గొంతులు కలిసి రెండు మాటలనే పదే పదే కేక వేస్తున్నాయి. నాకు అర్థమైనవీ ఆ రెండు మాటలే: సౌత్ బ్రాంక్స్. అదేమిటని అడిగితే మిత్రుడు కాసేపు ఆలోచించి, 'వాళ్ల వాడ పేరురా' అన్నాడు. వాడ పేరును మైకులో అరవడమేమిటో ఆ రాత్రి నాకు బోధపడలేదు. నిద్ర కూడా పట్టలేదు.

అమెరికాలో 1980లలో వచ్చిన హిప్‌హాప్ పాటల గురించి మాట్లాడేవారు సాధారణంగా వాటి ఆగ్రహం గురించీ, లయ గురించీ, వాటిలోని బూతుల గురించీ మాట్లాడతారు. ఇష్టమైన పాటలను వరుస పెట్టి ఎంచే అలవాటు ఆ సంగీత ప్రియులకు మహా ఎక్కువ. నాకు సంగీత పాండిత్యం లేదు. నా దగ్గర ఉన్న కొలత ఒక్కటే: పాట తన చిరునామా చెప్పిందా, లేదా? ఆ కొలతతో చూస్తే 1980ల హిప్‌హాప్‌కు సాటివచ్చే దశాబ్దం నాకు తెలిసిన ఏ సంగీతంలోనూ లేదు. బ్రాంక్స్, క్వీన్స్‌బ్రిడ్జ్, హాలిస్, కాంప్టన్. పత్రికల నేర వార్తల్లో తప్ప ఎక్కడా కనిపించని పేటల పేర్లు ఆ పదేళ్లలో పాటల పల్లవులయ్యాయి.

జాతి వేరు, కులం వేరు అని అభ్యంతరం చెప్పేవారుంటారు. నిజమే, వేరు. చర్మం రంగు కంటికి కనిపిస్తుంది. కులాన్ని కనిపెట్టడానికి మాస్టారు మూడుసార్లు అడగవలసి వచ్చింది. అయినా ఈ రెండింటి మధ్య చూపు సారించడం నేను కనిపెట్టిన సంగతి కాదు. జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని నీగ్రో బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. డాక్టర్ అంబేడ్కర్ 1946లో డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారి తరఫున ఐక్యరాజ్యసమితికి వెళుతున్న వినతిపత్రం గురించి వాకబు చేశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు తమ సంఘానికి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడు ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో దాచుకోలేదు. ఫూలే పుస్తకం వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 1973లో, బ్రాంక్స్‌లోని ఒక అపార్టుమెంటులో హిప్‌హాప్ పుట్టడం కాకతాళీయమే. కాకతాళీయమని తెలిసినా ఆ రెండు సంవత్సరాలను పక్కపక్కన రాసుకోవడం నాకిష్టం.

బ్రాంక్స్ వాడ ఎలా తయారైందో తెలియకపోతే ఆ కేక ఎందుకో తెలియదు. మన ఊళ్లలో వాడను ఊరికి ఎడంగా తోసింది ఆచారం. అక్కడ ఆ పని పటాలూ బ్యాంకులూ చేశాయి. 1930లలో అమెరికా సమాఖ్య ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు గీయించి, ఇంటి అప్పులివ్వడానికి ప్రమాదకరమని తేల్చిన పేటలకు ఎర్ర రంగు పూయించింది. నల్లజాతివారు ఉన్న పేటలు దాదాపుగా అన్నీ ఆ ఎరుపులోకే వెళ్లాయి. ఆ తరువాత రాబర్ట్ మోజెస్ అనే సర్వాధికారి 1948 నుంచి 1972 వరకు బ్రాంక్స్ గుండెల మీదుగా క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వేను నడిపించాడు. వేలాది కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. మిగిలిన భవనాలను యజమానులు పాడుపెట్టారు, బీమా సొమ్ము కోసం కొందరు తగలబెట్టించారు. డబ్బు లేదని నగరపాలకులు అదే సమయంలో అగ్నిమాపక కేంద్రాలను మూసివేశారు. 1970 నుంచి 1980 లోపు అక్కడి ఏడు జనగణన విభాగాల్లో 97 శాతానికి పైగా భవనాలు కాలి గానీ, ఖాళీ అయి గానీ పోయాయి. 1977 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ షార్లెట్ వీధిలో దిగి శిథిలాల మధ్య నడిచి వెళ్లాడు. సౌత్ బ్రాంక్స్ అన్న పేరు ప్రపంచానికి మొదట అలా తెలిసింది, నాయకులు పరామర్శకు వచ్చే చోటుగా.

అది చదువుతున్నప్పుడు నాకు మన పటం గుర్తుకొచ్చింది. కీళ్వేన్మణి, బెల్చి, కారంచేడు, చుండూరు, లక్ష్మణ్‌పూర్ బాథే, ఖైర్లాంజి, లక్షింపేట. దళిత వాడల పేర్లు ఈ దేశానికి ఎలా తెలిశాయో ఈ వరుసే చెబుతుంది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను వేటాడి చంపిన తరువాతే కారంచేడు పత్రికలకెక్కింది. 1991 ఆగస్టు 6 తరువాతే చుండూరు. ఆ పేర్లనుంచి దళిత మహాసభ పుట్టింది, కవిత్వం పుట్టింది, ఒక తరం తలెత్తింది. కాదనను. కానీ మా వాడ పేరు పదిమందికీ తెలియాలంటే మాలో కొందరు చావాల్సి రావడమనే నియమం నన్ను ఎప్పుడూ బాధిస్తూనే ఉంది. బ్రాంక్స్ కుర్రాళ్లు అదే దశాబ్దంలో ఆ నియమాన్ని పక్కకు తోశారు. కాలిపోయిన చోటుగా పేరుపడిన వాడను ఒక సంగీతం పుట్టిన చోటుగా మళ్లీ పరిచయం చేశారు.

పుట్టుక సంగతి క్లుప్తంగా. 1973 ఆగస్టు 11న, ఆ ఎక్స్‌ప్రెస్‌వేకు దగ్గరలోనే, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలోని ఉమ్మడి గదిలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని ఒక వేడుక పెట్టింది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు. జమైకానుంచి వలస వచ్చిన ఆమె అన్న క్లైవ్, అంటే డీజే కూల్ హెర్క్, పాటలు వేశాడు. పాటలో గాత్రం ఆగి డప్పులు మాత్రమే మోగే చోట జనం ఎక్కువగా ఆడుతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఆ డప్పుల ముక్కను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు సాగదీస్తూ పోయాడు. హిప్‌హాప్ అంతా ఆ సాగదీతలోంచి వచ్చింది. చరిత్ర పుస్తకాలు హెర్క్‌ను పితామహుడంటాయి. ఆ వేడుక పెట్టిన చెల్లెలి పేరు చాలా పుస్తకాల్లో రెండో వాక్యంలో వస్తుంది.

దశాబ్దపు గడప మీద నిలబడి ఉన్న పాట 'రాపర్స్ డిలైట్'. 1979. దేశమంతా మోగిన మొదటి రాప్ పాట ఇదే. న్యూజెర్సీకి చెందిన షుగర్ హిల్ సంస్థ ముగ్గురిని పోగుచేసి పాడించింది. వారిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పటికి ఒక పిజ్జా దుకాణంలో పనిచేస్తున్నాడు. అతను పాడిన చరణాలు బ్రాంక్స్ కవిగాయకుడు గ్రాండ్‌మాస్టర్ కాజ్ పుస్తకంలోవి. కాజ్ తన వేదిక పేరును అక్షరం అక్షరంగా పలుకుతూ రాసుకున్న చోటును సైతం హ్యాంక్ మార్చకుండా పాడేశాడు. అంటే రాసినవాడి పేరు పాటలో ఉంది, రికార్డు మీద లేదు. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి, కాజ్‌కు దక్కింది శూన్యం.

ఈ కథ మనకు కొత్తేమీ కాదు. మన సినిమాల్లో 'రచన: జానపదం' అని వేసిన పాటలు ఎన్ని లేవు? జానపదం అనే కవి ఏ వాడలో పుట్టాడో, ఏ నాట్ల కూలిలో ఆ బాణీ కట్టాడో ఎవరూ అడగరు. 2021లో 'ఎంజాయ్ ఎంజామి' పాటకు మాటలు రాసి పాడిన తమిళ దళిత గాయకుడు అరివు బొమ్మ లేకుండానే ఒక సంగీత పత్రిక ముఖచిత్రం వేసింది. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాడు. నిలదీసేవాడు ఒకడైనా ఉండటమే కాజ్ కాలానికీ ఈ కాలానికీ ఉన్న తేడా కాబోలు.

'ది మెసేజ్' 1982లో వచ్చింది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పేరుతో వెలువడినా, పాటలో ఫ్లాష్ చేయి లేదు. చాలా భాగం డ్యూక్ బూటీ అనే ఎడ్ ఫ్లెచర్ రాశాడు, మెలీ మెల్ తన చరణాలు చేర్చాడు. బృందంలో మిగిలినవారికి ఈ పాట ఇష్టం లేదు. వేడుకలో ఆడుకోవడానికి వచ్చినవారికి ఇంటి గోడు వినిపిస్తే ఎవరు వింటారని వారి సందేహం. ఆ సందేహం సహేతుకమైనదే. అప్పటిదాకా రాప్ అంటే సంబరం. ఈ పాట నెమ్మదిగా, విసుగూ ఆయాసమూ కలిసిన గొంతుతో తన వీధిని చూపిస్తుంది. పగిలిన గాజు, చెత్త, ఎలుకలు, వాయిదా కట్టలేని అప్పు, బడి మీద ఆశ వదులుకున్న పిల్లవాడు. ఏదీ వ్యాఖ్యానించదు, వరుసగా చెబుతూ పోతుంది. చివరికి ఒక పిల్లవాడి బతుకును పుట్టుక నుంచి జైలు దాకా చెప్పి ఆపేస్తుంది. 2002లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తన జాతీయ ధ్వని భాండాగారంలో చేర్చిన తొలి హిప్‌హాప్ పాట ఇదే. నాకు ఆ గౌరవం కన్నా అందులోని నిదానం ముఖ్యం. కోపాన్ని అరిచి చెప్పినప్పుడు వినేవాడు చెవులు మూసుకోవడానికి సాకు దొరుకుతుంది. ఈ పాట ఆ సాకు ఇవ్వలేదు.

చిరునామాల యుద్ధం 1986లో మొదలైంది. క్వీన్స్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ అని 1939లో కట్టిన ప్రభుత్వ గృహసముదాయం ఉంది. ఉత్తర అమెరికాలోకెల్లా పెద్దది, తొంభై ఆరు భవనాలు, మూడు వేలకు పైగా ఇళ్లు. మన లెక్కలో ఒక పెద్ద కాలనీ. అక్కడి కుర్రవాడు ఎంసీ షాన్, సంగీతకారుడు మార్లీ మార్ల్‌తో కలిసి 'ది బ్రిడ్జ్' పాటలో తమ కాలనీలో పాట ఎలా మొదలైందో చెప్పాడు. హిప్‌హాప్ మొత్తం తమ దగ్గరే పుట్టిందని షాన్ అన్నట్టు బ్రాంక్స్‌వారికి వినిపించింది. బూగీ డౌన్ ప్రొడక్షన్స్ బృందం 'సౌత్ బ్రాంక్స్' పాటతో జవాబిచ్చింది, మరుసటి ఏడాది 'ది బ్రిడ్జ్ ఈజ్ ఓవర్' అని ఇంకో దెబ్బ వేసింది. నా హాస్టల్ క్యాసెట్లో ఉన్నది ఈ జవాబే.

ఆ పాట పాడిన కేఆర్ఎస్-వన్, అసలు పేరు లారెన్స్ పార్కర్, అప్పటికి కొంతకాలంగా ఇల్లు లేనివాడు. బ్రాంక్స్‌లోని ఒక నిరాశ్రయుల వసతిగృహంలో తలదాచుకునేవాడు. అక్కడ ఉద్యోగం చేస్తున్న స్కాట్ లా రాక్ అనే సామాజిక కార్యకర్త అతనికి తోడయ్యాడు. బృందం అలా పుట్టింది. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. తెలిశాక ఆ పాట మరోలా వినబడటం మొదలుపెట్టింది. ఉత్తరం వస్తే అందుకోవడానికి తలుపు లేనివాడు తన వాడ చరిత్రను, ఏ ఉద్యానవనంలో ఎవరు వాయించారో, ఎవరు ఆడారో పేర్లతో సహా, సాక్షిలా వల్లిస్తున్నాడు. ఇల్లున్నవాడికి ఇంటి నంబరు చాలు. లేనివాడికి వాడ మొత్తం కావాలి.

రెండు బీద కాలనీలు ఒకదానినొకటి తిట్టుకున్నాయనీ, నష్టపోయింది నల్లవాళ్లే కదా అనీ విమర్శ ఉంది. నేను ఆ విమర్శను పూర్తిగా ఒప్పుకోను. వారు కొట్టుకున్నది పుట్టుక గౌరవం కోసం. అణగారినవారు తమలో తాము ఏ విషయం మీద తగాదా పడినా ఐక్యత పేరిట వెంటనే నోరు మూయించే అలవాటు మన దగ్గరా ఉంది. అయితే తుపాకుల సంగతి వేరు. 1987 ఆగస్టు 27న స్కాట్ లా రాక్ బ్రాంక్స్‌లోనే, వేరొక గొడవను సర్దిచెప్పడానికి వెళ్లి, కాల్పులకు బలయ్యాడు. వయసు ఇరవై అయిదు. కేఆర్ఎస్-వన్ తరువాతి పాటల దారి మారింది. 1989లో పలువురు గాయకులను కూడగట్టి 'సెల్ఫ్ డిస్ట్రక్షన్' పాడించాడు. దాని రాబడి నేషనల్ అర్బన్ లీగ్‌కు వెళ్లింది. మంచి పని. పాటగా మాత్రం నాకు పెద్దగా నచ్చదు, సభలో ఒకరి తరువాత ఒకరు మైకు అందుకున్నట్టుంటుంది.

క్వీన్స్‌బ్రిడ్జ్‌లోనే, ఈ మగవాళ్ల యుద్ధానికి రెండేళ్ల ముందు, ఒక పద్నాలుగేళ్ల పిల్ల అందరినీ నోరెళ్లబెట్టించింది. తమను లెక్కచేయని రాక్సాన్ అనే అమ్మాయి మీద యూటీఎఫ్ఓ బృందం ఒక పాట కట్టింది. రాక్సాన్ షాంటే ఆ అమ్మాయి గొంతుతో 1984లో 'రాక్సాన్స్ రివెంజ్' అని జవాబు పాడింది. స్టూడియో లేదు, మార్లీ మార్ల్ ఇంట్లోనే ముద్రించారు. బట్టలు ఉతకడానికి వెళుతూ దారిలో ఆగి ఒక్క ఊపులో పాడేసిందని చెబుతారు. మాట మీద మాట విసిరే ఆ వేగం వింటుంటే వీధి కుళాయి దగ్గర మా పిన్ని గుర్తొస్తుంది. పెద్ద రైతు భార్య ఏదో అంటే, బిందె చంకనెత్తుకుని వెళ్లిపోతూనే, వెనక్కి తిరగకుండా మా పిన్ని ఇచ్చిన జవాబు మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జవాబును ఎవరూ ముద్రించలేదు. గోగు శ్యామల 2003లో 'నల్లపొద్దు' సంకలనం తెచ్చినప్పుడు నా మనసులో మెదిలింది ఆ కుళాయే.

ఆడవారి గురించి చెప్పేటప్పుడు ఇంకో మాట దాటవేయకూడదు. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ. బృందం 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' ఆల్బంతో పడమటి తీరపు పేటను ప్రపంచ పటం మీద పెట్టింది. తమను తిట్టే జాతి దూషణనే బృందం పేరులో ఇరికించుకున్నారు. పోలీసుల మీద వారు కట్టిన పాటను ఆక్షేపిస్తూ 1989 ఆగస్టులో సమాఖ్య నేర పరిశోధన సంస్థ ఎఫ్‌బీఐ అధికారి ఒకరు రికార్డు సంస్థకు ఉత్తరం రాశాడు. ప్రభుత్వం పాటకు ఉత్తరం రాయడంకన్నా పెద్ద సన్మానపత్రం ఏముంటుంది? కానీ అదే బృందం ఆడవారి గురించి వాడిన భాషను నేను ఏ వాదంతోనూ సమర్థించలేను. వాడ చిరునామా చెప్పిన పాట ఆ వాడలోనే ఉన్న ఆడపిల్లను బయటకు నెట్టింది. క్వీన్ లతీఫా 1989లో మోనీ లవ్‌తో కలిసి పాడిన 'లేడీస్ ఫస్ట్' అందుకే నా వరుసలో ముందుంటుంది. దాని దృశ్యంలో హారియెట్ టబ్మన్, సొజర్నర్ ట్రూత్, ఏంజెలా డేవిస్ బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, దక్షిణాఫ్రికా పోరాట దృశ్యాలు వస్తాయి. తన తల్లుల పేర్లు చెప్పుకోవడం కూడా చిరునామా చెప్పుకోవడమే.

ఇక డప్పు. దాని గురించి చెప్పకుండా మాదిగవాడలో పుట్టిన నేను ఈ వ్యాసం ముగించలేను.

1989లో స్పైక్ లీ తీసిన 'డూ ద రైట్ థింగ్' సినిమా కోసం పబ్లిక్ ఎనిమీ బృందం 'ఫైట్ ద పవర్' పాడింది. చక్ డి గొంతు గురించి అందరూ రాస్తారు. ఆ పాట కింద పరచిన అనేక శబ్దపు ముక్కల్లో ఒకటి 1970లో వచ్చిన జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లోనిది. ఇరవై సెకన్లపాటు ఒక్క డ్రమ్ముల మోత. ఆ మోతను వందలాది హిప్‌హాప్ పాటలు తీసుకున్నాయి. వాయించినవాడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఆ రోజు వాయించినందుకు కూలి అందింది. పాట రచయితగా నమోదైన పేరు జేమ్స్ బ్రౌన్‌ది. అందువల్ల తరువాతి వందల పాటలనుంచి స్టబుల్‌ఫీల్డ్‌కు హక్కుగా వచ్చినది ఏమీ లేదు. 2017లో చనిపోయాడు. కాంప్టన్ పాట కింద మోగేది మరో మోత, 'ఆమెన్ బ్రదర్' అనే 1969 నాటి రికార్డులోది. వాయించిన గ్రెగరీ కోల్మన్ 2006లో అట్లాంటాలో ఇల్లు లేకుండా చనిపోయాడు. ఈ దోపిడీ అంతా తెల్లవారే చేశారని చెప్పగలిగితే సుఖంగా ఉండేది. జేమ్స్ బ్రౌన్ కటిక పేదరికంలో పుట్టిన నల్లవాడు. తీసుకున్న కుర్రాళ్లూ నల్లవారే. పాటలో మాట చెప్పినవాడు రచయిత, వాయించినవాడు కూలివాడు అన్న విభజన చట్టంలోనే ఉంది, దాన్ని అందరూ వాడుకున్నారు.

మా తాత ఊళ్లో చావుకూ, జాతరకూ, దండోరాకూ డప్పు కొట్టేవాడు. తోలు ఆయనే శుద్ధి చేసేవాడు, డప్పు ఆయనే కట్టేవాడు, చితుకుల మంట మీద కాచి శ్రుతి చూసేవాడు. ఆయన దరువు ఊరందరికీ తెలుసు. ఆయన పేరు రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమానికి దండోరా అనే పేరు స్థిరపడటం, పేరు చివర మాదిగ అని రాసుకోవడం ఊపందుకోవడం చూసినప్పుడు నా క్యాసెట్లోని కేక నాకు ఒక్కసారిగా అర్థమైంది. విచారణలో చెప్పించుకునే పేరును తామే ముందుగా, పెద్దగా, సంతకంలా పలకడం. వర్గీకరణ మీద ఎవరి వాదం వారికి ఉండవచ్చు. ఆ సంతకంతో చిన్నప్పటి తరగతి గదిలో నా తలదించుకోవడం కొంతైనా తగ్గిందన్నది నా సొంత అనుభవం.

అన్నిటిలోకీ ఎక్కువసార్లు విన్న పాట ఏదని అడిగితే కేఆర్ఎస్-వన్ 1989లో పాడిన 'యూ మస్ట్ లెర్న్' అని చెబుతాను. బడి తనకు తన చరిత్ర చెప్పలేదన్నది దాని ఫిర్యాదు. బెంజమిన్ బానెకర్, గ్రాన్‌విల్ వుడ్స్, చార్లెస్ డ్రూ, మేడమ్ వాకర్ అంటూ నల్లజాతి శాస్త్రవేత్తల, వ్యాపారవేత్తల పేర్లను పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతాడు. అందులో కొన్ని ఘనతలు చరిత్ర ఒప్పుకునే దానికన్నా ఎక్కువ. బానెకర్ పంచాంగాలు కూర్చాడు, పంచాంగాన్ని కనిపెట్టలేదు. బడిలో చెప్పని చరిత్రను వీధిలో పోగుచేసుకునేవాడి లెక్కలో ఇలాంటి పొరపాట్లు వస్తాయి. ఆ పొరపాటుకు గాయకుడికన్నా ముందు సంజాయిషీ చెప్పవలసింది ఆ బడి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు ఫోన్‌లో తాను కట్టిన రాప్ పాట వినిపించాడు. బాణీ ఎక్కడినుంచో దించుకున్నది, మాట మాత్రం వాడిదే. మొదటి పాదంలోనే మా వాడ పేరు, కులంతో సహా. అక్క వంటింట్లోంచి వచ్చి, 'ఆ పేరెందుకురా, కాలనీ అను చాలదా' అంది. ఇరవై ఏళ్ల కిందట పక్కా ఇళ్లు వచ్చినప్పుడు బోర్డు మీద కాలనీ అనే రాశారు. ఊళ్లోవాళ్లు మాత్రం పాత పేరే అంటారు. 'వచ్చే ఏడు పట్నం వెళతాడు, గది అద్దెకు అడిగితే ఇంటివాళ్లు ముందు ఫోన్‌లో ఈ పాటే చూస్తారు. నువ్వైతే పత్రికల్లో రాసుకుంటావు, వీడికి గది ఎవడిస్తాడు తమ్ముడూ?' అని నన్ను నిలదీసింది. నా దగ్గర జవాబు లేకపోయింది. నేను పట్నంలో మొదటి గది తీసుకున్నప్పుడు ఇంటివాళ్లకు ఊరి పేరు చెప్పానే గానీ వాడ పేరు చెప్పలేదు. ఆ సంగతి అక్కకు తెలుసు.

బస్సెక్కేముందు 'సౌత్ బ్రాంక్స్' పాట వాడి ఫోన్‌కు పంపాను. రాత్రికి ఫోన్ చేసి, 'మామా, వీళ్లు ఒక్క ఊరి పేరే ఎన్నిసార్లు అంటారు?' అని అడిగాడు. లెక్కపెట్టమన్నాను. వారం తరువాత పాట కొత్త ప్రతి పంపాడు. అందులో వాడ పేరు వచ్చే చోట గొంతు ఆగిపోయి, ఆ నాలుగు మాత్రల మేర డప్పు ఒక్కటే మోగుతోంది. తీసేశావా అని అడిగితే, 'లేదు మామా, అమ్మ ఒప్పుకునేదాకా అక్కడ ఖాళీ ఉంచాను' అన్నాడు.